అమ్మమ్మకు, అమ్మకు, ఇప్పుడు నాకు: వెరికోస్ వెయిన్స్ వంశంలోంచే వస్తాయా?

నీలి_చార
మూడు నెలలుగా నా కుడి పిక్క మీద నీలంగా మెలికలు తిరిగిన నరం కనిపిస్తోంది, వెరికోస్ వెయిన్స్ అంటే ఇవేనట. సాయంత్రమయ్యేసరికి కాలు బరువెక్కుతుంది, చీలమండ దగ్గర సాక్స్ అచ్చు లోతుగా పడుతుంది. వయసు 34. అమ్మమ్మకు రెండు కాళ్లకూ ఇవే ఉండేవి. చివరి పదేళ్లు చీలమండ మీద మానని పుండుతోనే గడిపింది. అమ్మకు నలభై దాటాక మొదలయ్యాయి, ఇప్పుడు చీలమండ చుట్టూ చర్మం గోధుమ రంగుకు తిరిగి గట్టిపడింది. నా కాలు చూపిస్తే అమ్మ ఒకటే అంది: "మన ఇంటి ఆడవాళ్ల కాళ్లు ఇంతే, డాక్టర్ మాత్రం ఏం చేస్తాడు?" ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నాకు ఎనిమిదేళ్ల కూతురుంది.
అన్నయ్య రోజంతా నిలబడి పనిచేస్తాడు, వాడికి ఏమీ లేదు. నేను కూర్చుని చేసే ఉద్యోగం. మరి నాకెందుకు వచ్చినట్టు? ఇది జీన్స్ పనేనా? అయితే మా పాపకూ రాసిపెట్టి ఉన్నట్టేనా?

నిలబడే_టీచర్
నాకు వంశం మీద పెద్ద నమ్మకం లేదు. మా అమ్మకు లేవు, నాన్నకు లేవు, ఇద్దరు చెల్లెళ్లకూ లేవు. 22 ఏళ్లు బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పాను, నాకు వచ్చాయి. స్టాఫ్ రూమ్‌లో నాతోపాటు మరో ముగ్గురికి ఉన్నాయి. మేమంతా ఒక వంశం కాదు కదా!

కొత్త_అమ్మ
నాకు రెండో కాన్పులో వచ్చాయి. మొదటి కాన్పులో సన్నగా కనిపించి పోయాయి, రెండోసారి తొడ దాకా పాకాయి. మా అక్కకు కూడా కాన్పులప్పుడే. నీలి_చార గారూ, మీకు మొదలైంది పాప పుట్టాక కాదా? ఒకసారి గుర్తు చేసుకోండి.

నీలి_చార
ఇప్పుడు ఆలోచిస్తే నిజమే. ఏడో నెలలో మోకాలి వెనక సన్నని గీతలు వచ్చాయి. పుట్టాక తగ్గాయని వదిలేశాను.

డాప్లర్_గది
పదకొండేళ్లుగా కాళ్ల సిరలకు, అంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాలకు, డాప్లర్ స్కాన్ (రక్తం ఎటు పారుతోందో చూపించే స్కాన్) చేయడమే నా పని. డాక్టర్‌ని కాను, కానీ రోజూ చూసేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.
కాలి సిరల్లో రక్తం కిందనుంచి పైకి ఎక్కాలి. అందుకు లోపల చిన్న చిన్న కవాటాలు ఉంటాయి, పైకి పోనిచ్చి కిందికి జారనివ్వవు. నడిచినప్పుడు పిక్క కండరం బిగిసి పంపులా రక్తాన్ని పైకి నెడుతుంది. కదలకుండా నిలబడి ఉంటే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నడక మొదలుపెడితే అది 30కి అటూ ఇటూగా పడిపోవాలి. కవాటం సరిగ్గా మూసుకోని కాలిలో అంతగా పడదు. ఆ ఒత్తిడి రోజంతా, ఏళ్ల తరబడి సిర గోడ మీద పడుతుంది. గోడ సాగుతుంది. సాగితే కవాటం రెక్కలు ఒకదానికొకటి అందవు, దాంతో ఇంకా లీక్ అవుతుంది.
వంశం నుంచి వచ్చేది ఉబ్బిన సిర కాదు. తొందరగా సాగే గోడ, లేదా బలహీనమైన కవాటం. దాని మీద బరువు వేసేది వయసు, కాన్పులు, ఒళ్లు పెరగడం, గంటల తరబడి నిలబడటం. టీచర్ గారి కాళ్లూ, నీలి_చార గారి కాళ్లూ ఒకే చోటికి వేరు వేరు దారుల్లో వచ్చి ఉండొచ్చు. ఇద్దరూ తప్పు చెప్పలేదు.

పరుగు_పిచ్చి
మరి రోజుకు పది కిలోమీటర్లు పరిగెత్తే నాకెందుకు? పిక్క పంపు నాకంటే బాగా ఎవరికి పనిచేస్తుంది?

డాప్లర్_గది
@పరుగు_పిచ్చి పంపు ఎంత గట్టిదైనా, కవాటం లీక్ అయితే తోడిన నీళ్లు మళ్లీ బావిలో పడ్డట్టే. ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా?

పరుగు_పిచ్చి
నాన్నకు, బాబాయికి. బాబాయి ఆపరేషన్ కూడా చేయించుకున్నాడు.

లెక్కల_మనిషి
అంకెలు లేకుండా మాట్లాడుకుంటే ఇది తేలదు. వంశం గురించి ఎక్కువగా చెప్పుకునే పరిశోధన 1994లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. 67 మంది రోగులు, వాళ్ల తల్లిదండ్రులు. జబ్బు లేని 67 మంది, వాళ్ల తల్లిదండ్రులు. మొత్తం 402 మంది. నాకు నచ్చింది ఏమిటంటే, "మీ అమ్మకు ఉన్నాయా?" అని అడిగి ఊరుకోలేదు, తల్లిదండ్రుల కాళ్లు కూడా స్వయంగా పరీక్షించారు. జబ్బు ఉన్నవాళ్లకే ఇంట్లో ఎవరికి ఉందో బాగా గుర్తుంటుంది కాబట్టి నోటిమాట మీద ఆధారపడితే లెక్క తప్పుతుంది.
వాళ్లు తేల్చింది: అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 90%. ఒకరికే ఉంటే కూతుళ్లకు 62%, కొడుకులకు 25%. ఇద్దరికీ లేకపోయినా 20%.
నీలి_చార గారి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఒకరికే ఉన్న ఇంట్లో కూతురు వేరు, కొడుకు వేరు. టీచర్ గారు ఆ చివరి 20%లోకి వస్తారు.

నిలబడే_టీచర్
20% అంటే ఐదుగురిలో ఒకరు. తక్కువేం కాదు. ఇంట్లో ఎవరికీ లేదని నేను పదేళ్లు పట్టించుకోలేదు, ఆ మాట కూడా రాసుకోండి. వంశంలో లేదన్న ధైర్యమే నన్ను ఆలస్యం చేసింది.

నీలి_చార
62. చదవగానే కడుపులో ఏదోలా అయింది. ఇప్పుడు నాకూ ఉంది కాబట్టి మా పాపకు 62 అనుకోవాలా?

లెక్కల_మనిషి
అలా అనుకోకండి, దయచేసి. ఆ కుటుంబాలను డాక్టర్ దగ్గరికి వచ్చిన రోగుల ద్వారా ఎంచుకున్నారు. ఊరందరిలోంచి చీటీ తీసినట్టు తీసినవాళ్లు కాదు. పైగా ఒక ఇంటివాళ్లు పంచుకునేది జీన్స్ ఒక్కటే కాదు. పని తీరు, ఒళ్లు, అలవాట్లు కూడా పంచుకుంటారు. 2010లో జర్మనీ నుంచి వచ్చిన మరో లెక్కలో వంశపారంపర్యం వాటా సుమారు 17% అని తేలింది.

పొడుగు_మనిషి
ఒకచోట 90, ఒకచోట 17. ఇందులో ఏది నమ్మాలి?

లెక్కల_మనిషి
రెండూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. 90 అనేది "ఇలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డకు ఎంత అవకాశం?" అన్నదానికి. 17 అనేది "జనంలో కొందరికి వచ్చి కొందరికి రాకపోవడంలో ఉన్న తేడాలో జీన్స్ వాటా ఎంత?" అన్నదానికి. మీ కాలిలో 17% జీన్స్ వల్ల, మిగతాది నిలబడటం వల్ల అని దానికి అర్థం కాదు. ఒక్క మనిషికి ఆ లెక్క వర్తించదు.

పొడుగు_మనిషి
ఈ వివరణ ఎవరైనా ముందే ఇచ్చి ఉంటే బాగుండేది. మా ఇంట్లో అందరం ఆరడుగులకు పైనే, అందరికీ ఈ నరాలే. ఎత్తుకూ దీనికీ సంబంధం ఉందా?

జీన్_చదువు
ఉంది. 2018లో బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్‌లో (పరిశోధన కోసం జనం ఆరోగ్య, జన్యు వివరాలు భద్రపరిచే చోటు) ఉన్న దాదాపు 5 లక్షల మంది వివరాలు పరిశీలించారు. వాళ్లలో 9,577 మందికి వెరికోస్ వెయిన్స్ ఉన్నాయి. ఎత్తు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని తేలింది. ఎత్తును నిర్ణయించే జీన్ మార్పులతో లెక్కకట్టినా అదే వచ్చింది. సిర ఎంత పొడవైతే దానిలో నిలిచే రక్తం బరువు అంత ఎక్కువ.
నేను పీజీలో జెనెటిక్స్ చదివాను కాబట్టి ఇంకొంచెం రాస్తాను. ఆ పరిశోధనలో ఈ జబ్బుతో ముడిపడిన జన్యు స్థానాలు 30 దొరికాయి. 2022లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల నాయకత్వంలో మరింత పెద్దది వచ్చింది, రెండు దశలూ కలిపి 8 లక్షల మందికి పైనే. అందులో 46 స్థానాల్లో 49 మార్పులు కనిపించాయి. అంటే "వెరికోస్ జీన్" అని ఒకటి లేదు. ఒక్కొక్కటీ ముప్పును పిసరంత కదుపుతుంది. కొన్ని సిర గోడ అల్లికకు సంబంధించినవి, కొన్ని సిరలు ఏర్పడటానికి.
వాటిలో నాకు ఇష్టమైనది పీజో1. కణం పొరలో ఒత్తిడిని పసిగట్టే తలుపులాంటి ప్రోటీన్‌ను తయారుచేసే జీన్ అది. శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్ బృందం కనుక్కుంది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చినప్పుడు ఈ పీజో ప్రోటీన్ల పనే ముఖ్యం. సిరల్లో కవాటాలు సరిగ్గా ఏర్పడటానికి కూడా అది కావాలని ఎలుకల మీద చూపించారు. రక్తం తాకిడి తెలియకపోతే తలుపు ఎక్కడ కట్టాలో శరీరానికి ఎలా తెలుస్తుంది? ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత బాగుంది.

పొడుగు_మనిషి
ఇకమీదట పై అరలో డబ్బా తీసిపెట్టమని అడిగేవాళ్లు ముందు నా కాళ్ల క్షేమం అడగాలి.

కొత్త_అమ్మ
:) అడుగుతాం అన్నా.

రెండు_వరసలు
ఇన్ని జీన్స్ కలిస్తేనే వస్తుందని అన్నారు. మా పిన్ని ఇంట్లో ఒక్క జీన్ వల్లే వచ్చింది. పిన్ని కొడుక్కి పదమూడో ఏట కాళ్లు వాచాయి, వాపు పోలేదు. సిరలు కూడా లీక్ అవుతున్నాయని స్కాన్‌లో తేలింది. మూడో డాక్టర్ కాలు చూడకుండా ముందు కళ్లు చూశారు. "రెప్పల లోపలి వైపు ఇంకో వరస వెంట్రుకలు ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయి! చిన్నప్పటినుంచీ కంట్లో గుచ్చుకుంటుంటే పీకించుకుంటూనే ఉన్నాడు. కాలికీ కంటికీ లంకె ఉందని మాకెవరికీ తోచలేదు.

జీన్_చదువు
కాళ్ల వాపు, రెప్పలకు రెండో వరస వెంట్రుకలు కలిసి వచ్చే ఈ జబ్బు పేరు లింఫెడీమా డిస్టికియాసిస్. కారణం 16వ క్రోమోజోమ్ మీద ఉండే ఫాక్స్‌సీ2 జీన్‌లో మార్పు. 2007లో ఆ మార్పు ఉన్న 18 మందిని స్కాన్ చేస్తే 18 మందికీ తొడ నుంచి దిగే పెద్ద పైసిరలో రక్తం వెనక్కి జారుతోంది. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. చాలా అరుదైన జబ్బు, మామూలు వెరికోస్ వెయిన్స్ ఉన్నవాళ్లు దీనికి భయపడనక్కర్లేదు. ఆ డాక్టర్‌కు నా నమస్కారం చెప్పండి.

పాప_కాలు
ఈ చర్చ చదువుతూ రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. మా పాపకు పుట్టుకతోనే ఎడమ కాలి మీద పెద్ద ఎర్రటి మచ్చ, పక్కన ఉబ్బిన సిరలు. ఆ కాలు కొంచెం పొడవు కూడా. క్లిప్పెల్ ట్రెనౌనే అనే జబ్బు అన్నారు. నాకు కాన్పులో వెరికోస్ వెయిన్స్ వచ్చాయి కాబట్టి "నీ నుంచే వచ్చింది" అని ఇంట్లో ఆరేళ్లు అన్నారు. నేనూ నమ్మాను. పోయినేడాది ఒక జెనెటిక్స్ డాక్టర్ కూర్చోబెట్టి చెప్పారు: ఇది సాధారణంగా పీఐకే3సీఏ అనే జీన్‌లో, బిడ్డ కడుపులో పడ్డాక, కొన్ని కణాల్లో మాత్రమే వచ్చే మార్పు అని. అమ్మ నుంచి కాదు, నాన్న నుంచి కాదు. ఆ రోజు ఆ గదిలోనే ఏడ్చాను.

నీలి_చార
@పాప_కాలు మీరు రాసినందుకు చాలా మంచిదైంది అక్కా. ఆరేళ్లు...

రెండు_వరసలు
జన్యు జబ్బు అనగానే అమ్మ వైపు వేలు చూపిస్తారు. ఈ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

నల్ల_కండువా
నేనొక చేదు మాట చెప్తాను. జీన్స్ అయినప్పుడు మందెందుకు? మా మామయ్యకు సిర తీసేశారు, ఎనిమిదేళ్లకు ఇంకోచోట వచ్చింది. కవాటాలు పుట్టుకతోనే బలహీనమైతే ఒకటి మూస్తే ఇంకోటి. నీలి_చార గారి అమ్మ అన్నదాంట్లో నిజం లేకపోలేదు.

డాప్లర్_గది
@నల్ల_కండువా ఇక్కడ మాత్రం నేను గట్టిగా కాదంటాను. మళ్లీ రావడం నిజమే, దాచను. లేజర్‌తో మూసినా, రేడియో తరంగాలతో మూసినా, నురుగు ఇంజెక్షన్ ఇచ్చినా బాగుపడేది ఆ సిర సంగతి, జీన్స్ మారవు. కానీ ఆ ఎనిమిదేళ్లలో మీ మామయ్యకు చీలమండ మీద పుండు పడలేదు కదా? ఒత్తిడి తగ్గించిన ప్రతి ఏడాదీ చర్మానికి మిగిలినట్టే. నేను చూసే పుండ్లలో చాలావరకు "మా ఇంట్లో అందరికీ ఇంతే" అని ఇరవై ఏళ్లు ఆగినవాళ్లవే. చర్మం గోధుమ రంగుకు తిరిగి గట్టిపడిందంటే అది పుండుకు ముందు మెట్టు. నీలి_చార గారూ, మీకంటే ముందు అమ్మగారిని తీసుకెళ్లండి. ఆవిడకు షుగర్ ఉందా?

నీలి_చార
ఉంది, పన్నెండేళ్లుగా.

డాప్లర్_గది
అయితే ఎవరో చెప్పారని గట్టి కంప్రెషన్ సాక్స్ కొని తొడిగించకండి. ముందు కాలి ధమనుల్లో, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే నాళాల్లో, రక్తం బాగా పారుతోందో లేదో చూడాలి, చీలమండ దగ్గరా చేతి దగ్గరా బీపీ పోల్చి చెప్తారు. ధమని సన్నబడిన కాలికి బిగుతు సాక్స్ ప్రమాదం.

రాత్రి_డ్యూటీ
నర్సుగా ఇంకో రెండు మాటలు. ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే నిలబడి కాలు కడుక్కోవద్దు. వెంటనే పడుకుని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో ఆ చోట గట్టిగా అదిమి పట్టండి, ఆ తర్వాత ఆసుపత్రి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పుడితే ఇంట్లో ఆగొద్దు, లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

పరుగు_పిచ్చి
గడ్డ అంటే గుర్తొచ్చింది. ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అని ఒక జన్యు పరీక్ష ఉందట. వెరికోస్‌కు అది చేయించాలా?

జీన్_చదువు
అది రక్తం గడ్డకట్టే గుణానికి సంబంధించింది, 1994లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గుర్తించారు. ఇంట్లో చిన్న వయసులోనే గడ్డలు కట్టినవాళ్లుంటే డాక్టర్ దాని గురించి ఆలోచిస్తారు. మామూలు వెరికోస్ వెయిన్స్‌కు జన్యు పరీక్షతో తేలేది లేదు. ఉమ్మి పంపించి రిపోర్టు తెప్పించుకునే డబ్బుతో ఒక స్కాన్ చేయించుకోండి. జీన్ ఏం చేయొచ్చో కాదు, కవాటం ఇప్పుడేం చేస్తోందో స్కాన్ చూపిస్తుంది.

తెలుగు_మాట
ఒక చిన్న విషయం. మనం రక్తనాళాన్నీ నరమే అంటాం, నెర్వ్‌నీ నరమే అంటాం. మా పెదనాన్న "కాళ్లలో నరాలు" అని నరాల డాక్టర్ దగ్గరికి రెండేళ్లు తిరిగారు, బలానికి మాత్రలు మింగారు. ఇది సిరల జబ్బు. రక్తనాళాల డాక్టర్‌కు, అంటే వాస్క్యులర్ సర్జన్‌కు చూపించాలి.

నిలబడే_టీచర్
అక్షరాలా నా కథ! విటమిన్ మాత్రలు ఎన్ని సీసాలు తాగానో.

కొత్త_అమ్మ
ఇది ఆడవాళ్ల జబ్బు అనుకుంటారు కదా, మరి ఇక్కడ పరుగు తమ్ముడు, పొడుగన్న, మామయ్యలు...

లెక్కల_మనిషి
1999లో వచ్చిన ఎడిన్‌బరో పరిశోధన చూడండి. 18 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,566 మందిని జనంలోంచి ఎంచుకుని పరీక్షించారు. ప్రధాన సిరల ఉబ్బు మగవాళ్లలో 40%, ఆడవాళ్లలో 32%. మగవాళ్లకు లేక కాదు, వాళ్ల కాళ్లు ప్యాంట్ల లోపల ఉండిపోతున్నాయి.

కొత్త_అమ్మ
నీలి_చార గారూ, అన్నయ్యకు ఏమీ లేదన్నారు. ఎవరు చూశారు?

నీలి_చార
...ఎవరూ చూడలేదు. తనే చెప్పాడు.

నీలి_చార
రెండు వారాలైంది, వివరాలు రాస్తానన్నాను. అమ్మకు రెండు కాళ్లలోనూ పెద్ద పైసిర పై నుంచి కింద దాకా లీక్ అవుతోంది. లోపలి సిరలు బాగున్నాయి, ధమనులూ బాగున్నాయి. వచ్చే నెల ఎడమ కాలికి లేజర్, తర్వాత కుడి కాలికి. నాకు కుడి కాలిలో మాత్రమే ఉంది. నిలబెట్టి, పిక్క నొక్కి వదిలి చూశారు. రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి జారితే లీక్ అంటారట, నాది రెండు సెకన్లు దాటింది. నేను ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నానా అని అడిగారు, దాన్ని బట్టి ఎప్పుడు చేయాలో నిర్ణయిద్దామన్నారు. అప్పటిదాకా సాక్స్, నడక, బరువు తగ్గడం. పాపకు ఇప్పుడు ఏమీ చేయనక్కర్లేదు, ఇంట్లో ఉన్నది దానికి పెద్దయ్యాక చెప్పి ఉంచితే చాలన్నారు.
స్కాన్ తెరమీద రక్తం ఎరుపు నీలం రంగుల్లో వెనక్కి జారడం అమ్మ తన కళ్లతో చూసింది. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర, "మా అమ్మ పుండు కట్టు నేనే మార్చేదాన్ని" అంది.
ఇక కొత్త_అమ్మ గారి ప్రశ్న. మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అన్నయ్యను అక్కడే ప్యాంటు పైకి లాగమన్నాను. నవ్వాడు, లాగలేదు. అమ్మ లాగింది. ఎడమ చీలమండ పైన, అమ్మకున్నట్టే, గోధుమ రంగు మచ్చ. బూటు రాపిడి అనుకున్నాడట, నాలుగేళ్లుగా. మంగళవారం వాడికి స్కాన్.

కొత్త_అమ్మ
అమ్మగారి చేతికి దండం.

డాప్లర్_గది
మంగళవారం వదులు ప్యాంటు వేసుకురమ్మనండి. తొడ పైదాకా చూడాలి, కాసేపు నిలబడాల్సి ఉంటుంది. రెండు కాళ్లూ చూడమని తనే అడగాలి.